రాగి నాణేలపై ముద్రణ లోపాలు, చిలుము నష్టాల గుర్తింపు

పాత రాగి నాణేలపై కనిపించే గుంటలు, పగుళ్ళు, బొడిపెలు, చెరిగిన అక్షరాలు ప్రధానంగా రెండు కారణాల వలన ఏర్పడతాయి. నాణెం టంకశాలలో తయారయ్యే సమయంలో ఏర్పడిన వాటిని ముద్రణ లోపాలు అంటారు. నాణెం టంకశాలను విడిచిన తరువాత మట్టి, నీరు, గాలి, లవణాల ప్రభావం వలన లోహం రసాయనికంగా మారిపోవటాన్ని లోహక్షయం అంటారు. ఇనుము విషయంలో దీనిని తుప్పు అని, రాగి, ఇత్తడి, కంచు విషయంలో చిలుము లేదా కిలుము అని వ్యవహరిస్తారు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించటం నాణేల అధ్యయనంలో ప్రాథమికమైన అంశం. ఈ గుర్తింపు అంతటికీ మూలమైన ప్రశ్న ఒకటే: నాణెంపై ముద్ర పడటానికి ముందు, పడుతున్నప్పుడు, పడిన తరువాత అనే మూడు దశలలో ఆ మచ్చ ఏ దశలో ఏర్పడింది?

గుర్తింపు ఆవశ్యకత

ఈ తేడా తెలియకపోవటం వలన మూడు రకాల నష్టాలు జరుగుతాయి. మొదటిది, చరిత్రకు సంబంధించిన ఆధారం పోవటం. ఒక అచ్చు పగిలి నాణెంపై ఏర్పడిన గీత ఆ అచ్చుతో ముద్రించిన ఇతర నాణేలను గుర్తించటానికి ఉపయోగపడుతుంది. దానిని మురికిగా భావించి గీకివేస్తే ఆ ఆధారం తిరిగి రాదు. రెండవది, నాణెమే నశించిపోవటం. కొన్ని రకాల చిలుము నాణేన్ని లోపలి నుండి తినివేస్తుంది. దీనిని పాతకాలపు ముద్రణ లోపంగా భావించి వదిలివేస్తే కొంతకాలానికి నాణెం పొడిగా మారిపోతుంది. మూడవది, ఆర్థిక నష్టం. ముద్రణ లోపం గల నాణేలకు సేకరణకర్తలు ఎక్కువ ధర చెల్లిస్తారు. చిలుము తిన్న సాధారణ నాణేన్ని అరుదైన లోపం గల నాణెంగా అమ్మటం, కొనటం ఈ కారణంగానే జరుగుతుంది.

నాణెం తయారీ విధానం

లోపాలను అర్థం చేసుకోవటానికి నాణెం తయారయ్యే క్రమం తెలియాలి. యంత్రాలు రాక మునుపు రాగిని కరిగించి అచ్చులలో పోసి గాని, కడ్డీలను ముక్కలుగా నరికి గాని, రేకులను కత్తిరించి గాని బిళ్ళలను తయారు చేసేవారు. బిళ్ళను మెత్తబరచటానికి నిప్పులో కాల్చేవారు. ఒక అచ్చును దిమ్మెలో బిగించి, దానిపై బిళ్ళను ఉంచి, పైన రెండవ అచ్చును నిలిపి సుత్తితో కొట్టేవారు. ఆ దెబ్బకు రాగి అచ్చులోని పల్లాలలోకి ప్రవహించి అక్షరాలు, బొమ్మలు ఉబ్బెత్తుగా ఏర్పడతాయి. శాతవాహనుల నాణేలలో అధికభాగం, విజయనగర రాజుల చిన్న రాగి నాణేలు, గోల్కొండ కుతుబ్‌షాహీల రాగి నాణేలు ఈ విధంగా సుత్తి దెబ్బతో తయారైనవే.

18వ శతాబ్దం చివరలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సమీపంలో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల సహాయంతో నాణేలను ముద్రించాడు. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కొరకు, అనగా నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతం కొరకు, 1794, 1797 సంవత్సరాలు గల రాగి నాణేలను అక్కడే చేయించింది. 48 నాణేలు ఒక రూపాయి అని వీటిలో పెద్ద నాణెంపై రాసి ఉంటుంది. యంత్రంతో చేసిన నాణేలలో బిళ్ళలు గుండ్రంగా, ఒకే మందంలో ఉంటాయి కాబట్టి వాటిలో లోపాలు తక్కువగా కనిపిస్తాయి. చేతితో కొట్టిన నాణేలలో హెచ్చుతగ్గులు సహజం. అందువలన ఒక నాణెంలో ఏది లోపమో నిర్ణయించటానికి ముందు, ఆ కాలంలో ఆ టంకశాలలో ఏది సాధారణమో తెలుసుకోవాలి. ఉదాహరణకు, కుతుబ్‌షాహీ రాగి నాణేలలో అచ్చు బిళ్ళకంటే పెద్దదిగా ఉండటం వలన లిపిలో కొంతభాగం మాత్రమే నాణెంపై కనిపిస్తుంది. మిగిలిన అక్షరాలు చెరిగిపోయినవి కావు, అసలు ముద్రణే కానివి.

ముద్రణ లోపాలు

ముద్రణ లోపాలను మూడు వర్గాలుగా విభజించవచ్చు.

బిళ్ళ లోపాలు: ఇవి ముద్ర పడక ముందే లోహంలో ఉన్నవి. రాగిని పోసేటప్పుడు గాలి, మలినాలు లోపల చిక్కుకుంటే, రేకుగా సాగగొట్టినప్పుడు అవి పలుచని పొరలుగా విడిపోతాయి. బిళ్ళ చాలినంత మెత్తబడకుండా కొడితే అంచులు చీలుతాయి. ఈ చీలికలు అంచు వద్ద వెడల్పుగా మొదలై కేంద్రం వైపు సన్నబడతాయి. రేకు చివర నుండి గాని, ముందుగా కత్తిరించిన రంధ్రం మీదుగా గాని బిళ్ళను కత్తిరిస్తే నాణెం అంచులో కొంతభాగం కొరికినట్లు లోపిస్తుంది.

అచ్చు లోపాలు: అచ్చు పగిలితే ఆ పగులులోకి రాగి ప్రవహించి నాణెంపై ఉబ్బెత్తు గీతగా ఏర్పడుతుంది. అచ్చు అంచు విరిగిపోతే నాణెంపై ఆ మేరకు ఆకారం లేని ముద్ద ఏర్పడుతుంది. ఇనుప అచ్చుకు తుప్పు పట్టి గుంటలు పడితే నాణెంపై చిన్న చిన్న బొడిపెలు వస్తాయి. అచ్చులోని అక్షరాలలో జిడ్డు, మురికి పేరుకుంటే ఆ అక్షరాలు నాణెంపై పడవు. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు అచ్చులూ ఒకదానితో ఒకటి ఢీకొంటే, ఆ తరువాత ముద్రించిన నాణేలపై రెండవ వైపు బొమ్మ ఛాయగా కనిపిస్తుంది.

కొట్టుడు లోపాలు: బిళ్ళ పక్కకు జరిగితే ముద్ర ఒక వైపుకు పడి మిగిలిన భాగం ఖాళీగా ఉంటుంది. రెండుసార్లు కొడితే రెండు ముద్రలు ఒకదానిపై ఒకటి పడతాయి. ముందు ముద్రించిన నాణెం అచ్చుకు అంటుకొని ఉండిపోతే, తరువాతి బిళ్ళపై ఒక వైపు సరైన ముద్ర, మరొక వైపు అదే బొమ్మ అద్దంలో వలె తిరగబడి గుంటగా పడతాయి. దీనిని బ్రోకేజ్ అంటారు.

లోహక్షయం, చిలుము

రాగి గాలిలోని ఆమ్లజనితో కలిసి మొదట ఎరుపు రంగు క్యూప్రస్ ఆక్సైడు పొరను ఏర్పరుస్తుంది. ఈ ఖనిజాన్ని క్యూప్రైట్ అంటారు. నల్లని పొర క్యూప్రిక్ ఆక్సైడు వలన గాని, గంధకపు సమ్మేళనాల వలన గాని ఏర్పడుతుంది. తేమ, బొగ్గుపులుసు వాయువు ఉన్న నేలలో దీర్ఘకాలం ఉన్న నాణేలపై ఆకుపచ్చని మాలకైట్, కొన్నిసార్లు నీలిరంగు అజురైట్ ఏర్పడతాయి. ఇవి రెండూ రాగి కార్బొనేట్లే. సాధారణంగా లోహానికి ఆనుకొని ఎరుపు పొర, దానిపై ఆకుపచ్చ పొర ఉంటాయి.

గట్టిగా, నునుపుగా, సమంగా పరచుకొన్న చిలుము లోపలి లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది. నాణెం అసలు ఉపరితలం చాలా సందర్భాలలో లోహంపై కాక ఈ చిలుము పొరలలోనే నిలిచి ఉంటుంది. అక్షరాల ఆకారం చిలుములోనే మిగిలిన నాణెం నుండి దానిని పూర్తిగా తొలగిస్తే అక్షరాలు కూడా దానితోపాటే పోతాయి.

ఇందుకు భిన్నమైనది కంచు వ్యాధి. పేరులో కంచు ఉన్నప్పటికీ ఇది రాగికి కూడా సోకుతుంది. ఉప్పు ఉన్న నేలలో, ముఖ్యంగా సముద్రతీరంలో లేక సముద్రగర్భంలో ఉన్న నాణేలలో క్లోరైడు లోహాన్ని చేరి క్యూప్రస్ క్లోరైడుగా లోపల దాగి ఉంటుంది. నాణెం వెలికి వచ్చాక తేమ, ఆమ్లజని తగిలితే ఇది లేత ఆకుపచ్చని పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని కరిగించి మరింత క్లోరైడును తయారు చేస్తుంది. ఈ చర్య ఒక చక్రంలా సాగుతుంది కాబట్టి దీనిని వ్యాధి అన్నారు. సూదిమొనతో తాకితే రాలిపోయే లేత ఆకుపచ్చ పొడి, తుడిచిన కొద్ది రోజులలో అదే చోట మళ్ళీ కనిపించటం దీని ముఖ్య లక్షణాలు.

తేడా తెలుసుకొనే విధానం

సుమారు 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుండి పడే వెలుతురు, మిల్లీగ్రాముల వరకు తూచగల త్రాసు ఉంటే చాలా సందర్భాలలో తేడా తెలుస్తుంది. పరిశీలించవలసిన అంశాలు ఇవి:

* ఎత్తు, పల్లం: అచ్చులోని లోపం గుంట అయితే నాణెంపై అది ఉబ్బుగా వస్తుంది. కాబట్టి నాణెం లోహంలో భాగంగా ఉన్న ఉబ్బెత్తు గీత సాధారణంగా అచ్చు పగులు వలన ఏర్పడినదే. తరువాత గీసుకొన్న గీత పల్లంగా ఉంటుంది, దాని ఒడ్డున లోహం పక్కకు తోసినట్లు కనిపిస్తుంది. చిలుము కూడా బొడిపెలుగా లేస్తుంది గాని, అది వేరే పదార్థం. దాని రంగు, గరుకుదనం చుట్టూ ఉన్న లోహానికి భిన్నంగా ఉంటాయి, అది అక్షరాలను కప్పివేస్తుంది.

* ఉపరితలపు కొనసాగింపు: జిడ్డు నిండిన అచ్చు వలన అక్షరం పడకపోతే, అది ఉండవలసిన చోట నేల చుట్టుపక్కల వలెనే నునుపుగా ఉంటుంది. చిలుము అక్షరాన్ని తినివేస్తే ఆ చోటంతా గరుకుగా, చిన్న గుంటలతో ఉంటుంది. చిలుము సాధారణంగా అక్షరాన్ని మాత్రమే ఎంచుకొని తినదు, పక్కనున్న నేలను కూడా తింటుంది.

* గుంట అడుగు: ముద్ర పడక ముందే పొర ఊడిపోయి ఉంటే, ఆ పల్లం అడుగున కూడా బొమ్మ మసకగా కొనసాగుతుంది. ముద్ర పడిన తరువాత ఊడితే అడుగున బొమ్మ ఉండదు గాని, రేకు సాగిన దిశలో సమాంతర చారలు ఉంటాయి. చిలుము గుంటలో బొమ్మా ఉండదు, చారలూ ఉండవు. ఇసుక వంటి గరుకుదనం, మూలల్లో ఎరుపు, ఆకుపచ్చ మిగుళ్ళు ఉంటాయి.

* పగులుకు ఇరువైపులా అక్షరాలు: బిళ్ళ చీలినప్పుడు అక్షరం రెండు భాగాలుగా విడిపోయి పక్కకు జరుగుతుంది, రెండు భాగాలూ కనిపిస్తాయి. చిలుము తిన్నచోట అక్షరంలో కొంతభాగం పూర్తిగా లోపిస్తుంది.

* రెండు వైపుల సంబంధం: దెబ్బ బలహీనంగా పడితే, ఒక వైపు మసకబారిన చోటుకు నేరుగా వెనుక వైపు కూడా తరచుగా మసకగా ఉంటుంది. చిలుముకు ఇటువంటి నియమం లేదు. మట్టికి, తేమకు ఎక్కువగా తగిలిన వైపు ఎక్కువగా దెబ్బతింటుంది.

* పునరావృతం: ఇది అన్నింటికంటే బలమైన ఆధారం. అచ్చు లోపం ఆ అచ్చుతో ఆ తరువాత ముద్రించిన నాణేలన్నింటిపై అదే చోట, అదే ఆకారంలో వస్తుంది. ఏ రెండు నాణేలకూ చిలుము ఒకే విధంగా పట్టదు. అయితే బిళ్ళ లోపాలు, పక్కకు పడిన ముద్రలు కూడా ఒక్కొక్క నాణేనికే పరిమితమని గుర్తుంచుకోవాలి.

* బరువు: ముద్ర పక్కకు పడిన నాణెం బరువు తగ్గదు. లోహం తినివేయబడిన నాణెం తగ్గుతుంది. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా నిర్ణీత బరువు 100 గ్రెయిన్లు, అనగా సుమారు 6.48 గ్రాములు. ఇటువంటి ప్రమాణం ఉన్న నాణేలకే ఈ పరీక్ష పనికివస్తుంది. చేతితో కొట్టిన రాగి నాణేలలో బరువు సహజంగానే మారుతుంది, పైగా అరుగుదల వలన కూడా బరువు తగ్గుతుంది.

అరుగుదలను లోహక్షయంతో కలిపి చూడరాదు. చేతులు మారటం వలన అరిగిన నాణెంలో ఎత్తైన భాగాలు మాత్రమే చదునై నునుపుగా ఉంటాయి. చిలుము ఎత్తును, పల్లాన్ని కూడా గరుకుగా చేస్తుంది.

రెండూ కలిసి ఉన్న సందర్భాలు

అనేక నాణేలపై ముద్రణ లోపం, చిలుము ఒకే చోట ఉంటాయి. అంచు చీలికలు, లేచిన పొరలు నీటిని, లవణాలను పట్టి ఉంచుతాయి కాబట్టి లోహక్షయం అక్కడే మొదలవుతుంది. ఇటువంటి చోట చీలిక లోపలి గోడలపై కూడా నాణెం మిగిలిన భాగంపై ఉన్నటువంటి పాత చిలుమే ఉంటే, చీలిక పాతదని నిర్ణయించవచ్చు. గోడలు కొత్త రాగి రంగులో మెరుస్తుంటే అది ఇటీవల విరిగినదే. అందువలన ఇక్కడ లోపమా, చిలుమా అని కాక, ఏది ముందు, ఏది తరువాత అని ప్రశ్నించటం సరైన పద్ధతి.

ఉదాహరణ: అడ్మిరల్ గార్డ్‌నర్ నౌక నాణేలు

ఈ తేడాను నేర్చుకోవటానికి అనువైన నాణేలు 1808 సంవత్సరం గల మద్రాసు ప్రెసిడెన్సీ 10 కాసుల, 20 కాసుల రాగి నాణేలు. వీటిని సోహోలో ముద్రించి భారతదేశానికి పంపుతుండగా, అడ్మిరల్ గార్డ్‌నర్ అనే నౌక 1809 జనవరిలో ఇంగ్లండు కెంట్ తీరానికి ఎదురుగా ఉన్న గుడ్విన్ ఇసుక తిన్నెలపై చిక్కుకొని మునిగిపోయింది. 1980ల దశకంలో ఈ నాణేలను పెద్ద సంఖ్యలో వెలికితీశారు. వీటిపై ఒక వైపు కంపెనీ రాజచిహ్నం, మరొక వైపు పారశీక లిపి ఉంటాయి.

ఈ నాణేలు ఎన్నడూ చలామణిలోకి రాలేదు. కాబట్టి వీటిపై అరుగుదల ఉండటానికి అవకాశం లేదు. కనిపించే మచ్చ టంకశాలలోనైనా ఏర్పడి ఉండాలి, సముద్రంలోనైనా ఏర్పడి ఉండాలి. ఒకే నౌకలో ఉన్నప్పటికీ కొన్ని నాణేలు దాదాపు కొత్తవి వలె, మరికొన్ని ఉప్పునీరు తిని పలుచబడి దొరికాయి. వీటిని పక్కపక్కన ఉంచి చూస్తే, సింహాల జూలు వంటి సన్నని గీతలు ఏ క్రమంలో మాయమవుతాయో తెలుస్తుంది. సముద్రం నుండి వచ్చినవి కాబట్టి వీటిని కంచు వ్యాధి కొరకు కూడా పరిశీలిస్తూ ఉండాలి.

పోత నాణేలు, కృత్రిమ చిలుము

నకిలీ నాణేలను తరచుగా అచ్చులో పోసి తయారు చేస్తారు. పోతలో ఏర్పడిన గాలి బుడగల గుంటలు గుండ్రంగా, నునుపైన గోడలతో ఉంటాయి. అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత గాని, దానిని అరగదీసిన గుర్తులు గాని కనిపించవచ్చు. ఈ గుంటలను చిలుము నష్టంగా చెప్పి అమ్మటం జరుగుతుంది. అయితే ప్రాచీన కాలంలో కొన్ని అసలు నాణేలను కూడా పోత పద్ధతిలో చేశారు కాబట్టి, పోత గుర్తు ఉన్నంత మాత్రాన నకిలీ అని నిర్ణయించరాదు. కృత్రిమంగా పూసిన ఆకుపచ్చ రంగు లోహంలోకి చొచ్చుకుపోక పైపైన ఉంటుంది. దాని కింద ఎరుపు క్యూప్రైట్ పొర సాధారణంగా కనిపించదు.

శుభ్రపరచటంలో జాగ్రత్తలు

రాగి పాత్రలను చింతపండుతో తోమటం తెలుగు ఇళ్ళలో అలవాటు. పాత నాణేలను ఇలా తోమరాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఆక్సైడులను, కార్బొనేట్లను కరిగించివేస్తాయి. అప్పుడు నాణెం గులాబి రంగులో మెరుస్తుంది గాని, చిలుములో నిలిచి ఉన్న అక్షరాలు, పైన చెప్పిన పరీక్షలకు అవసరమైన రంగు, పొరల క్రమం అన్నీ పోతాయి. ఇసుక, ఇటుక పొడి, తీగ బ్రష్‌లతో రుద్దితే కొత్త గీతలు పడి అచ్చు లోపాల గీతలు చెరిగిపోతాయి.

శుభ్రపరచక ముందు నాణేన్ని రెండు వైపులా, అంచును కూడా ఫొటో తీసి బరువు రాసుకోవాలి. వదులుగా ఉన్న మట్టిని స్వేదన జలంలో నానబెట్టి మెత్తని కుంచెతో తొలగించి, పూర్తిగా ఆరబెట్టవచ్చు. కుళాయి నీటిలో క్లోరైడు ఉండే అవకాశం ఉన్నందున అది మంచిది కాదు. కంచు వ్యాధి అనుమానం ఉన్న నాణేన్ని మిగిలిన వాటి నుండి వేరుచేసి, సిలికా జెల్‌తో పాటు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచాలి. గాలిలో తేమ 40 శాతం కంటే తక్కువగా ఉంటే ఈ చర్య చాలావరకు ఆగిపోతుంది. సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో దీర్ఘకాలం నానబెట్టటం, బెంజోట్రయజోల్‌తో శుద్ధిచేయటం వంటి పద్ధతులను ప్రదర్శనశాలల పరిరక్షకులు వాడతారు. బెంజోట్రయజోల్ ఆరోగ్యానికి హానికరం కాబట్టి దీనిని ఇంట్లో వాడరాదు.

నాణేలను అంచు పట్టుకొని చూడాలి. వేళ్ళ చెమటలో ఉప్పు ఉంటుంది. పి.వి.సి. ప్లాస్టిక్ సంచులు కాలక్రమంలో ఆమ్లాన్ని విడుదల చేసి నాణెంపై జిగురైన ఆకుపచ్చ పూతను ఏర్పరుస్తాయి. ఇది నిల్వ వలన కలిగిన నష్టం, పాత చిలుము కాదు.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి కనుగొన్నవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. పొలం దున్నేటప్పుడు కుండలో దొరికే నాణేలకు కూడా ఇది వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం 100 సంవత్సరాలకు తక్కువ కాకుండా ఉన్న నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు ఎగుమతి చేయరాదు. నిధిగా దొరికిన నాణేలను తోమకుండా, విడదీయకుండా, దొరికిన స్థితిలోనే అప్పగించటం మంచిది. ఒకదానికొకటి అంటుకొన్న నాణేల అమరిక, వాటిపై ఉన్న మట్టి, చిలుము కూడా ఆ నిధి ఎప్పుడు, ఏ పరిస్థితులలో దాచబడిందో తెలిపే ఆధారాలు.